తీర్పులో పేరు

"అలా కాదు జడ్జిగారూ, ఇంకాస్త ముందుకి లాగండి. తలమీద గొర్రెపిల్ల పడుకున్నట్టుంది," అంది మేవిస్. ఆ కోర్టులో అందరికన్నా పాత బంట్రోతు ఆవిడ.

అలన్ లోథర్ అద్దంలో చూసుకుంటూ జడ్జీలు పెట్టుకునే తెల్ల విగ్గు సర్దుకున్నాడు. కుటుంబ కోర్టులో విగ్గుతో పనిలేదు. దత్తత ఖాయమైన పిల్లలు ఫోటో దిగడానికి వచ్చిన రోజునే అది బీరువాలోంచి బయటికొస్తుంది. ఈవేళ వచ్చినవాడు టోబీ. జడ్జి కుర్చీ ఎక్కి, బల్ల మీద బాది, "అందరూ జైలుకి పోండి," అన్నాడు. కొత్త అమ్మా నాన్నా నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఫోటో అయ్యేదాకా గదంతా టోబీ, టోబీ అంటూనే ఉంది. లోథర్ రెండు కేకు ముక్కలు తిన్నాడు.

స్కార్బీ ఓడల రేవులో వెల్డర్ కొడుకు ఆయన. పేపర్లకెక్కే కేసులు ఆయన దాకా రాలేదు, పైకోర్టు పిలుపూ రాలేదు. గొప్ప చెప్పుకోవడానికి మిగిలింది ఒక్కటే: తన ముందుకొచ్చిన ఏ బిడ్డ పేరూ మరిచిపోనని. ఎవరింట విందుకి వెళ్లినా ఆ మాట అనకుండా లేచేవాడు కాదు. పాపం భార్య, బతికున్నన్నాళ్లూ కొత్తగా విన్నట్టే తలూపేది.

మధ్యాహ్నం జోలీన్ కేసు. ఆమె మత్తుమందు రెండుసార్లు మానేసింది, రెండుసార్లూ మళ్లీ మొదలుపెట్టింది. నాలుగేళ్ల కొడుకు వేరేవాళ్లింట్లో పెరుగుతున్నాడు. వాణ్ణి తిరిగి ఆమెకివ్వాలా, దత్తతకి పంపాలా అన్నదే తేలాలి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుంది.

లోథర్ తీర్పు చదవడం మొదలుపెట్టాడు. "ఈ తల్లి ప్రేమలో లోటు లేదు. కానీ టోబీ క్షేమం దృష్ట్యా..."

"రోరీ," అంది జోలీన్.

లాయర్లందరూ కాగితాల్లోకి తలలు దించుకున్నారు.

"మావాడి పేరు రోరీ అండి. రెండేళ్ల నుంచీ నన్ను పేరు పెట్టి పిలవకుండా 'తల్లి', 'తల్లి' అంటున్నారు, ఊరుకున్నాను. వాణ్ణి తీసుకెళ్లేటప్పుడైనా వాడి పేరుతో తీసుకెళ్లండి."

ఆయనకి మెడ నుంచి చెవుల దాకా వేడెక్కింది.

"క్షమించండి, జోలీన్ గారూ. తప్పు నాదే."

దత్తతకే పంపాలన్న తీర్పు న్యాయమైనదే. అందుకే సిగ్గు మరీ ఎక్కువైంది. తీర్పే తప్పయితే పైకోర్టు దిద్దేది, దీన్నెవరు దిద్దుతారు? మిగతాదంతా రోరీ, రోరీ అని ఒత్తి ఒత్తి చదివాడు, పాఠం అప్పజెప్పే కుర్రాడిలా. ఎన్నిసార్లు అన్నా మొదట అన్నది అలాగే ఉంది. ఇదివరకు ఇంకెందరి పేర్లు మార్చి చదివాడో, ఎందరు తల్లులు నోరెత్తకుండా లేచిపోయారో ఆయనకి తెలియదు. ఇన్నేళ్లుగా చెప్పుకున్న గొప్పలు తలుచుకుంటే తల ఎత్తబుద్ధి కాలేదు.

జోలీన్ ఏడవలేదు. కోటు గుండీలు పెట్టుకుని, లాయరు పట్టుకోబోయిన చేయి వెనక్కి తీసుకుని, బయటికి నడిచింది.

సాయంత్రం గది సర్దుతూ మేవిస్ ఒక సంచీ తెచ్చింది. "ఆవిడ కుర్చీ కింద ఉందండి. మెట్ల దాకా వెళ్లి పిలిచాను. 'వాడికే పంపండి' అని ఆగకుండా పోయింది. నాలుగేళ్లవాడికి ఇవెక్కడ సరిపోతాయి?"

లోథర్ సంచీ విప్పాడు. పసుపు రబ్బరు బూట్లు. వచ్చే ఏడాదికీ, ఆ పై ఏడాదికీ కూడా వచ్చేలా చూసి కొన్నట్టుంది. వేళ్ల దగ్గర దుకాణంవాళ్లు కుక్కిన కాగితం ఇంకా తీయలేదు.