వాలిన పైరు కోత

పచ్చిమేత కోసే యంత్రాన్ని గీసింది ఆవిడ, బిగించింది ఆవిడ, ఇప్పుడు పశువుల ఫారం వెనక పొలంలో పరీక్షిస్తున్నదీ ఆవిడే. మొదట్లో ముగ్గురుండేవాళ్లు. రెండేళ్లయినా పని కొలిక్కి రాకపోయేసరికి కంపెనీ మిగతా ఇద్దరినీ వెనక్కి పిలిపించుకుంది. రేకుల షెడ్డులో ఒక గది, ఒక మంచం, గోడనిండా డ్రాయింగులు. ఇంజనీరమ్మ రోజుల తరబడి నోరు తెరిచేది యంత్రాన్ని తిట్టడానికే.

నిలబడ్డ మేతజొన్నను అది చక్కగానే కోసేది. గాలివానకు పైరు వాలిందంటే మాత్రం కత్తులకు కాడలు చుట్టుకుని ఆగిపోయేది. కత్తులు మార్చింది, వేగం మార్చింది. ఊహూఁ.

పక్క మడిలో ఫారం పశువులకు కొడవలితో మేత కోసే పెద్దావిడ నాలుగు రోజులు చూసి, అయిదో రోజు గట్టు దాటి వచ్చింది.

"ఏం తల్లీ, పొద్దస్తమానం దాని నోట్లో చెయ్యి పెట్టి లాగుతున్నావు? మింగుడు పడట్లేదా?"

ఇంజనీరమ్మకు ఎన్నాళ్లకో నవ్వొచ్చింది. "పడుకున్న పైరును కొయ్యనంటోంది పెద్దమ్మా."

"లేపకుండా కోస్తే ఎలా?" ఎడమచేయి కాడల కిందికి పోనిచ్చి, పసిబిడ్డ తలెత్తినట్టు ఎత్తి, అప్పుడు కొడవలి వేసిందావిడ.

ఇంజనీరమ్మ పదిసార్లు కోయించుకుని చూసింది. ఆ చేయి నేలకెంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచింది.

"నాకేమన్నా రవిక కుడతావా?" అంది పెద్దావిడ.

కత్తుల ముందు ఇనుప వేళ్లు బిగించడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఇద్దరూ షెడ్డు మెట్ల మీద కలిసి తిన్నారు. అల్లుడి గురకకు గోడ బీటలిచ్చిందని పెద్దావిడ చెబుతుంటే ఇంజనీరమ్మకు పొలమారింది.

పదమూడో రోజు, వానకు చాపలా పడిపోయిన మడిని యంత్రం ఒక్కసారీ ఆగకుండా కోసేసింది. ఫారం మేనేజరు పొంగిపోయాడు. "ఇక డ్రైవరొక్కడు చాలు మేడమ్. పెద్దావిణ్ణి రేపట్నుంచి రావద్దన్నాను."

"ఆ ఉపాయం ఆవిడదేనండీ!"

"ఉపాయం వచ్చేసిందిగా మేడమ్."

ఇంజనీరమ్మ పరుగున ఇంటికి వెళ్లేసరికి పెద్దావిడ కూతురింటికని బట్టలు మూట కడుతోంది.

"నావల్లే ఇదంతా పెద్దమ్మా."

"ఊరుకో. నా నడుం ఎప్పుడో చేతులెత్తేసింది. మానెయ్యమనేవాళ్లు లేక వస్తున్నానంతే." మూట ముడి బిగించి ఆగింది. "కాకపోతే, రేపు పొద్దున్నే లేచి ఎటు వెళ్లాలో తెలియట్లేదు తల్లీ."

ఇంజనీరమ్మ మూట తనే మోసుకెళ్లి ఆవిణ్ణి బస్సెక్కించింది.

పరీక్ష నివేదికలో రూపకర్తల దగ్గర రెండు పేర్లు రాసింది. కంపెనీ నుంచి ఫోనొచ్చింది. "రెండో పేరెవరిది? మన జాబితాలో లేదే?"

"నాతో పనిచేసినావిడది. తీసేస్తే నా పేరూ తీసేయండి."

నాలుగు వారాలు నానబెట్టి, చివరికి ఉంచారు. ఆ మాట చెప్పాలని, కూతురిది ఏ ఊరో ఫారంలో ఎవరికీ తెలియకపోతే ఇంజనీరమ్మ బస్టాండుకు వెళ్లింది. ఆ బస్సు దారిలో పదకొండు ఊళ్లున్నాయన్నారు. ఏ ఊళ్లో దిగుతావని తను అడగనే లేదు.