పెచ్చుల కింద వాగు

ఫోన్ పెట్టేసేసరికి కుంచెమ్మకి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి! ఏడాదిన్నర పాటు ఒకే ఒక్క చెక్క పలక మీద నడుం వంచి బొమ్మ వేసిన మనిషి.

కుంచెమ్మ అన్నది స్టూడియోవాళ్ళు పెట్టిన పేరు. ఆవిడ పని చేసే తీరు వేరు. ముందు పలక నిండా వాగూ, గట్టూ, చెట్లూ వేసింది. పైన బిగించిన కెమెరాకి కాలి దగ్గర ఒక మీట ఉంటుంది. రెండు గీతలు గీయడం, మీట తొక్కడం. మళ్ళీ రెండు గీతలు, మళ్ళీ తొక్కడం. ఒక చెట్టు పోవాలంటే దాని మీద బూడిదరంగు పూయాలి. అలా పూస్తూ పూస్తూ, చెట్లున్న చోటల్లా ఫ్యాక్టరీ లేపింది. ఆ ఫొటోలన్నీ వరసగా తిప్పితే పిల్లల సినిమా.

ఆ వాగు ఊహ కాదు. అమ్మ చిన్నప్పుడు బట్టలుతికిన వాగు. ఇప్పుడక్కడ గోడలూ గొట్టాలే. దానికి ఒక్క ఫొటో కూడా లేదు కాబట్టి అమ్మ పక్కన కుర్చీ వేసుక్కూర్చుని చెబుతూంటే కూతురు వేసింది. చెప్పడమంటే మామూలుగానా, ప్రాణం తోడేసింది.

"వంకర చెట్టు ఎడంపక్కన ఉండాలే. ఎన్నిసార్లు చెప్పను?"

"నిన్న కుడిపక్కన్నావు కదమ్మా!"

"నిన్న నేను అవతలి ఒడ్డు నుంచి చూసి చెప్పాను."

ఇలాంటి తల్లితో వేగి, నానా తంటాలూ పడి సినిమా ముగిస్తే, ఇందాక డైరెక్టరు ఫోన్ చేశాడు.

"అద్భుతమండీ! స్కూళ్ళవాళ్ళు చూశారు. ఒక్క చిన్న మాట. చివర్లో చెట్లు తిరిగి రావాలట. లేకపోతే పిల్లలు దిగులు పడతారట, స్కూళ్ళలో వెయ్యరట."

"ఎక్కణ్ణించి వస్తాయండీ?"

"అదెంత పని? ఉన్న ఫొటోలే వెనక్కి తిప్పేద్దాం."

"పొగ వెళ్ళి గొట్టంలో దూరుతుంది. పిట్టలు తోక ముందు పెట్టి ఎగురుతాయి. గొడ్డలి తగలగానే చెట్టు అతుక్కుంటుంది! బావుంటుందా?"

"పిల్లలకేం తెలుస్తుందిలెండి."

ఆ ఒక్క మాటకే మండింది. కాదంటే సినిమా బీరువాలో పడుంటుంది. తన వాగుని నలుగురు పిల్లలు చూడాలని ఏడాదిన్నరగా ఆశ పెట్టుకున్న అమ్మకి ఏం చెప్పాలి? "సాయంత్రానికల్లా ఆ చివరి ముక్క నేనే చేసి పంపిస్తాను. మీరు దేన్నీ తిప్పకండి మహానుభావా!" అని ఫోన్ పెట్టేసింది.

ఫ్యాక్టరీ మీద కొత్త చెట్లు పూయడానికి మనసొప్పలేదు. అమ్మ చెప్పిన చెట్లు ఆ రంగు కిందే ఉన్నాయి కదా, గీకితే అవే బయటికి రావా? బ్లేడు తీసుకుని పొగగొట్టం మీద పడింది. గీకింది, అలవాటు కొద్దీ మీట తొక్కింది. మళ్ళీ గీకింది, మళ్ళీ తొక్కింది. గొట్టం పోయింది. దాని కింద బూడిదరంగు, ఆ కింద బురదరంగు. పచ్చదనం మచ్చుకైనా లేదు. నీటిరంగు మీద నీటిరంగు పూస్తే కిందది కరిగి కలిసిపోతుందని ఇరవై ఏళ్ళుగా కుంచె పట్టిన మనిషికి తెలీదా? తెలుసు! కోపంలో ఆ తెలివి ఏ అటక మీద పెట్టిందో.

"ఇంకొంచెం ఎడంపక్కకి," అంది అమ్మ కుర్చీలోంచి. "వంకర చెట్టు అక్కడే."

ఎడంపక్క గీకింది. పెచ్చు ఊడి చెక్క బయటపడింది.

"ఇంకాస్త లోపలికి చూడవే."

"లోపల పలకేనమ్మా. ఇంకేం లేదు."

ఏడాదిన్నరలో అమ్మ ఏ తప్పూ పట్టకుండా ఊరుకున్నది అప్పుడే. కుంచెమ్మకి ఏడుపొచ్చింది. బ్లేడు చేత్తో పట్టుకునే కాసేపు ఏడ్చింది.

తర్వాత కెమెరా చూసుకుంటే, గీకిందంతా వరసగా ఎక్కి ఉంది. గొట్టం, బూడిద, బురద, చెక్క. ఎడంపక్కకి వెళ్ళి వెతుకుతున్న తన చెయ్యి. ఒక్క ఫొటో కూడా తీసెయ్యకుండా సినిమా చివర అతికించి పంపేసింది.

అరగంటకి ఫోన్ మోగింది. కుంచెమ్మ ఎత్తనంది. అమ్మ ఎత్తింది.

"ఏంటండీ ఇది?" డైరెక్టరు అరుపు గదంతా వినబడింది. "ఉత్త చెక్క కనబడుతోంది! చెట్లేవండీ?"

"మేమూ వాటికోసమే వెతుకుతున్నాం నాయనా," అంది అమ్మ. "వంకర చెట్టు ఎడంపక్కన ఉండాలి. నీకేమైనా కనబడిందా?"