అమావాస్య దాటాక వేసిన సూది

శ్రీకాకుళం ఆసుపత్రిలో ఆ పొద్దున సుహాసిని కడుపులోంచి తీసిన అండాలు తొమ్మిది. డాక్టరు భారతి వాటిని తెర మీద చూపించింది.

"ఇదిగో, దీని పక్కన చిన్న బుడగ కనిపిస్తోందా? ఇది పండిన అండం. మిగతా ఎనిమిదింటికీ ఆ బుడగ లేదు."

సుహాసిని మొగుడు ధర్మేంద్ర తెర వైపు చూడలేదు. అతని తల్లి జగ్గమ్మ మాత్రం రెప్ప వేయకుండా చూసింది.

"ముప్పయ్యెనిమిదేళ్ళు కదా, అండాల్లోనే లోపం ఉండొచ్చు. ఈ ఒక్కటీ నిలబడకపోతే వేరేవాళ్ళ అండంతో ప్రయత్నిద్దాం," అంది డాక్టరు.

మంచం మీదున్న సుహాసిని గోడవైపు తిరిగింది. "నాది కాని బిడ్డని నాను కననండి. ఈయన్ని ఇంకో పెళ్ళి సేసుకోమనండి. నాను నెల్లిమర్ల, మా కన్నోరింటికి ఎల్లిపోతాను."

జగ్గమ్మకి తెలుసు. అది అలక మాట కాదు. కోడలు అన్నదంటే చేసే మనిషి.

డాక్టరు కాగితం మీద రాయబోతూ మరోసారి అడిగింది. "అండాలు పండడానికి ఇచ్చిన ఆఖరి సూది, మొన్న రాత్రి తొమ్మిదిన్నరకే వేశారు కదా?"

"తొమ్మిదిన్నరకేనండి," అన్నాడు ధర్మేంద్ర నేల చూస్తూ.

జగ్గమ్మ వయసంతా వరి చేలోనే గడిచింది. కంకి పాలు పట్టగానే కోసేసి, విత్తనం చెడ్డదంటే ఎలా? పచ్చి వేరు, పుచ్చు వేరు.

"అబద్దమమ్మా," అంది.

"అమ్మా, నువ్వూరుకో."

"నువ్వే ఊరుకోరా. అమావాస్య గడియలు దాటేక ఎయ్యరా అని నానే ఆపినానమ్మా. ఒంటిగంటకి ఏసినాడు. నిద్దట్లో ఉన్నాది, ఆ పిల్లకి టైము తెల్దు."

సుహాసిని చివాల్న లేచి కూర్చుంది. "నా కడుపుకి నీ పంచాంగమేటత్తా!"

డాక్టరు కలానికి మూత పెట్టేసింది. "సూది వేశాక ముప్పయ్యారు గంటలు ఆగి తీయాలి. మూడున్నర గంటలు మీరు మింగేశారు. ఈ అండాలు చూసి మంచివో చెడ్డవో నేను చెప్పలేను. ఈ ఒక్కదాన్నే నమ్ముకోలేం, మళ్ళీ మొదట్నుంచీ సూదులు వేయాలి."

"అప్పుడు బాగుంటాయా?" సుహాసిని అడిగింది.

"ఉండొచ్చు. మాట ఇవ్వలేను."

సుహాసిని దుప్పటి పక్కకి తోసింది. తర్వాత మొగుడితో కాదు, అత్తతోనే అంది.

"ఈపాలి సూది నానే ఏసుకుంటాను. తల్లీ కొడుకులు నా గది సాయలకి రాకండి."

"మేం రాంలే అమ్మా," అంది జగ్గమ్మ.