ఊతం తీసేసిన దూలం

పొద్దుటి నుంచి మూడు క్లాసులు చెప్పి గొంతు జీరబోయిన లోర్నా సారెలా సాయం గదిలో అడుగుపెట్టేసరికి కుర్చీలన్నీ నిండిపోయాయి. మిగిలిన పిల్లలు గోడల వెంబడి నేల మీదే చతికిలబడ్డారు. గుమ్మం దగ్గర బూట్ల నుంచి మంచు కరిగి మడుగు కట్టింది. మెకానిక్స్ పరీక్ష నెత్తి మీదికి వచ్చేసింది. ఇంజనీరింగు మొదటి ఏడాది పిల్లల అవస్థ చూడాలంటే అప్పుడే చూడాలి. జుట్టు దువ్వుకోరు, తిండి ధ్యాస ఉండదు, చల్లారిన కాఫీ తాగుతూ ఒకే లెక్కని కొట్టేసి మళ్ళీ రాస్తూ ఉంటారు.

నేలమాళిగలో ఉన్న ఆ గదికి యూనివర్సిటీవాళ్ళు నోరు తిరగని పేరొకటి పెట్టి, కొత్తగా చేరే పిల్లలకి పంచే రంగుల కాగితంలో బొమ్మ కూడా వేసుకున్నారు. పిల్లలు మాత్రం సాయం గది అంటారు. అక్కడ కూర్చున్న గంటలకి లోర్నాకి పైసా రాదు. ఆమె టర్ముకి టర్ము కాంట్రాక్టు రాయించుకుని పాఠం చెప్పే మనిషి. ఎన్ని పాఠాలు చెప్తే అన్నిటికే జీతం. అయినా వస్తుంది. రాకపోతే ఈ పిల్లలకి వేరే దిక్కెవరు?

ఆ ఏడు ఆమె ఆ గదిలో కొత్తగా ఒక పద్ధతి పెట్టింది. లెక్క ఎవరికి అర్థమైతే వాళ్ళ చేతిలో సుద్దముక్క పెడుతుంది. వాళ్ళు బోర్డు దగ్గరికి వెళ్ళి, అర్థంకాని ఇంకొకరికి చెప్పాలి. ఆ ఇంకొకరికి అర్థమైతే సుద్ద వాళ్ళ చేతిలోకి మారుతుంది. సెప్టెంబరులో సిగ్గుపడి చచ్చిన పిల్లలు నవంబరుకల్లా సుద్ద కోసం పోట్లాడుకునేదాకా వచ్చారు. లోర్నా గోడకి చేరబడి చూస్తూ ఉండేది. ఆ కాసేపు ఆమె అలసట ఎటు పోయేదో తెలియదు.

ఆ రోజు సుద్ద జనెల్ గ్రావెల్ చేతిలో ఉంది. జనెల్ తండ్రి నికెల్ కరిగించే కర్మాగారంలో పరంజాలు కట్టేవాడు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల ఆమే. కానీ టర్ము మొదట్లో ఊతాల లెక్క వస్తే చాలు, జనెల్ తప్పు చేసేది. దూలం గీసేది, దాని కింద స్తంభం కూడా నీటుగా గీసేది, ఆ స్తంభం దూలాన్ని ఎంత బలంతో మోస్తోందో చూపించే బాణం మాత్రం గీసేది కాదు. ఎందుకు గీయలేదంటే, "స్తంభం ఉంది కదా మిస్, అది మోస్తది. మళ్ళీ బాణమెందుకు?" అనేది. నాన్న కట్టిన పరంజాల కింద ఆడుకుని పెరిగిన పిల్ల, స్తంభాన్ని అంతగా నమ్మింది.

"దూలం నిలబడిందంటే ఎవరో మోస్తున్నట్టే. ఎవరు మోస్తున్నారో, ఎంత మోస్తున్నారో గీయకపోతే లెక్క తప్పు," అని లోర్నా ఎన్నిసార్లు చెప్పిందో. చివరికి ఒకనాడు అది జనెల్ బుర్రకెక్కింది. ఇక ఆ పిల్లని పట్టలేకపోయారు.

ఇప్పుడు ఆమె ఎదుట నిలబడ్డవాడు బ్రామ్. పాల కోసం ఆవులు పెంచే ఇంటి పిల్లవాడు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, పరీక్ష అంటే మాత్రం వణికిపోతాడు. వాడిదీ అదే తప్పు. జనెల్ బోర్డు పక్కనున్న పొడుగు స్కేలు తీసి, ఒక చివర బల్ల మీద ఆనించి, రెండో చివర వాడి అరచేతిలో పెట్టింది.

"స్తంభం తీసేశాననుకో. అది పడకుండా ఇప్పుడు నువ్వే పట్టుకో. నీ చెయ్యి ఎటు తోస్తోంది?"

"పైకి."

"అయితే బాణం పైకే గియ్యి. అంతే కదరా మొద్దూ!"

గది గొల్లుమంది. బ్రామ్ కూడా నవ్వాడు. బాణం గీశాడు, లెక్క తేలింది. జనెల్ సుద్దముక్క వాడి చేతిలో పెట్టి, వీపు మీద ఒక్కటి చరిచి వచ్చి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే విభాగాధిపతి కీత్ ఫెయిర్‌బర్న్ పిలుస్తున్నాడని కబురొచ్చింది.

కీత్, లోర్నా ఒకప్పుడు ఇదే కాలేజీలో ఒకే తరగతి. ఇద్దరి చిటికెన వేళ్ళకీ ఇంజనీరు పట్టాతో పాటు తొడిగే ఇనప ఉంగరాలు ఉన్నాయి. అతను పైకెక్కాడు, ఆమె కాంట్రాక్టు దగ్గరే ఆగిపోయింది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు. చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించి, పిల్లలెలా ఉన్నారని అడిగి, అప్పుడు ఉంగరంతో బల్ల మీద చిన్నగా కొడుతూ అసలు సంగతికొచ్చాడు. అక్టోబరు పరీక్షలో లోర్నా సెక్షను సగటు డెబ్బై నాలుగు వచ్చిందట. తక్కిన సెక్షన్లన్నీ అరవై రెండు దగ్గరున్నాయట.

మెచ్చుకోవడానికి పిలిచాడనుకుంది పిచ్చి మనిషి. మొహం విప్పారింది కూడా. అతను ఆ మొహం వైపు చూడకుండా, డిసెంబరు మార్కులు పంపేటప్పుడు సగటు అరవై రెండుకి సర్ది పంపమన్నాడు.

సర్దుబాటు ఆమెకి కొత్తేం కాదు. కానీ ఇన్నేళ్ళూ ఆమె పిల్లల మార్కులు తక్కువగానే ఉండేవి కాబట్టి, సర్దడమంటే పైకి లేపడమే అనుకుంది. కిందికి తొయ్యడానికి కూడా అదే మాట వాడతారని ఆ పూటే తెలిసింది.

"వాళ్ళు నేర్చుకున్నారు కీత్. దొంగతనం చెయ్యలేదు."

"నేర్చుకోలేదని ఎవరన్నారు? రెండో ఏడాది లాబుల్లో చోటు లేదు లోర్నా. మొదటి ఏడాదికి ఎంతమందిని చేర్చుకున్నారో చూశావుగా. అందులో మూడో వంతు క్రిస్మస్‌కి పోవాలి. పోతారని లెక్కేసుకునే చేర్చుకున్నారు."

"అంటే ఫీజు అందరి దగ్గరా తీసుకుని..."

"నన్ను అడక్కు. నేను కట్టిన లెక్క కాదు అది. నువ్వు ఎంత బాగా చెప్పినా పోయేవాళ్ళ సంఖ్య మారదు. ఎవరు పోతారో అదొక్కటే మారుద్ది."

లోర్నా లేచి వచ్చేసింది. మెట్లు దిగుతుంటే తన మొదటి రోజు గుర్తుకొచ్చింది. అప్పటి డీను వేదిక మీద నిలబడి, మీ ఎడమ పక్క చూడండి, కుడి పక్క చూడండి, ముగ్గురిలో ఒకరు క్రిస్మస్ తర్వాత ఉండరు అన్నాడు. అందరూ నవ్వారు. ఇప్పటికీ ఏటేటా అదే మాట అంటారు, పిల్లలు నవ్వుతూనే ఉంటారు. ఆ రోజు ఆమెకి ఎడమ పక్కన కూర్చున్నవాడు కీత్. కుడి పక్కన ఎర్ర ఉన్ని టోపీ కుర్రవాడొకడు ఉండేవాడు. వాడి పేరు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. క్రిస్మస్ తర్వాత వాడు మళ్ళీ కనబడలేదు. అప్పట్లో వాడికి చదువబ్బలేదనే అందరూ అనుకున్నారు, తనూ అదే అనుకుంది.

మర్నాడు సాయం గదిలో బ్రామ్ ఊరుకోలేదు. పైతరగతివాళ్ళెవరో వాడి చెవిన వేశారు. పిల్లలందరి ముందూ అడిగేశాడు: "మిస్, ఎంత బాగా రాసినా కొంతమంది పోవాల్సిందేనంట కదా. నిజమా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పాలనే అనుకుంది. పరీక్ష అయ్యేదాకా ఆ పిల్లల ధైర్యం చెదరకుండా చూడటం కూడా టీచరు పనే కదా అని మనసు నచ్చజెప్పుకుంది. కానీ అందరి కళ్ళూ తన మీదే ఉంటే నోట్లోంచి అబద్ధం రాలేదు.

"నిజమే," అంది.

జనెల్ తలెత్తింది. "అయితే నిన్న నేను బ్రామ్‌కి చెప్పానే... అది నాకు నేనే గొయ్యి తవ్వుకున్నట్టా మిస్?"

బ్రామ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు లోర్నా సుద్దముక్క చాపితే ఎవరూ అందుకోలేదు. అందరూ ఒక్కసారిగా తలలు వంచేసుకున్నారు. నేల మీద కూర్చున్న పిల్లలు మెల్లగా మోకాళ్ళు ముడుచుకుని, కాగితాల మీద మోచేతులు అడ్డం పెట్టుకున్నారు. నిన్నటిదాకా ఒకరి కాగితంలో ఒకరు తల దూర్చిన పిల్లలే వాళ్ళంతా. ఒక్క మాటతో ఆ గది చచ్చిపోయింది. ఆ మాట అన్నది తనే. చివరికి తనే బోర్డు దగ్గరికి వెళ్ళి లెక్క చేసింది. పిల్లలు రాసుకున్నారు.

పరీక్ష అయింది. లోర్నా పేపర్లు దిద్దింది. పిల్లలు బాగానే రాశారు, భయంతో రాసినా బాగానే రాశారు. సెక్షను సగటు మళ్ళీ డెబ్బై నాలుగే. జనెల్‌కి అరవై ఒకటి, బ్రామ్‌కి అరవై రెండు. యాభై వస్తే గట్టెక్కినట్టే, ఒక్కటి తగ్గినా క్రిస్మస్‌కి ఇంటికే. ఉన్న మార్కులు ఉన్నట్టే పంపించి, సర్దను అని కింద రాసింది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె కాదు అనడం అదే మొదటిసారి.

కీత్ కోప్పడలేదు. ఫోన్ చేసి, నీ ఇష్టం అన్నాడు. "నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా. ఒక అంకె కొట్టడమే కదా. అందరికీ పన్నెండు తగ్గుద్ది."

ఎంతో గుండె దిటవు చేసుకుని అన్న మాట కీత్‌కి ఒక మీట నొక్కే పాటి అడ్డం కూడా కాలేదు. ఫోను పెట్టేసిన చాలాసేపటి వరకు లోర్నా కోటు కూడా తొడుక్కోకుండా కూర్చుండిపోయింది. వచ్చే టర్ము కాంట్రాక్టు మాట అతను ఎత్తలేదు. కాంట్రాక్టు మామూలుగానే వచ్చింది కూడా. ఆమె కాదన్నా ఔనన్నా ఎవరికీ ఏమీ తేడా లేదని అప్పుడర్థమై ఏడుపొచ్చింది.

పన్నెండు పోతే బ్రామ్‌కి యాభై. జనెల్‌కి నలభై తొమ్మిది.

జనెల్ సామాను తీసుకెళ్ళడానికి తండ్రి పికప్ ట్రక్కు వేసుకొచ్చాడు. హాస్టలు ముందు ఇంజను ఆపకుండానే నిలబెట్టి, పిల్ల దుప్పట్లూ బల్లదీపమూ పెట్టెలూ ఒక్కొక్కటే ఎత్తి సర్దుతున్నాడు. పరంజాలు కట్టే చేతులు కదా, తాడు ముడి బిగించి ఒకటికి రెండుసార్లు లాగి చూసుకున్నాడు. లోర్నా అటు వెళ్ళకుండా తప్పుకుందామనుకుంది, కాళ్ళు అటే నడిపించాయి. ఆయన టోపీ తీసి, కూతురి లాగే ఆమెని మిస్ అన్నాడు.

"మా పిల్ల చదవలేదా మిస్? నిజం చెప్పండి, నేనేమీ అనుకోను. చదవకపోతే చదవలేదని చెప్పండి."

"చదివిందండీ. బాగా చదివింది."

"పాసయ్యేంత చదివిందా?"

"పాసయ్యేంత చదివింది."

"మరి?"

లోర్నా నోరు తెరిచింది. లాబుల్లో చోటు, సగటు, సర్దుబాటు. మంచులో టోపీ చేత పట్టుకుని నిలబడ్డ మనిషికి అందులో ఏ మాట చెప్పాలో తెలియలేదు. ఆయన టోపీ పెట్టుకున్నాడు. "పోన్లెండి. మీరైనా చదివిందన్నారు," అన్నాడు.

జనెల్ ముందు సీట్లో కూర్చుని అద్దం దించింది. ఏడ్చిన మొహం కాదు, ఏడిస్తే బాగుండుననిపించే మొహం. "మిస్, పేపర్లో ఊతాల లెక్క నాకు సరిగ్గానే వచ్చింది కదా?" అంది.

"సరిగ్గానే వచ్చింది."

"బాణం మర్చిపోలేదు చూశారా," అంది. ట్రక్కు కదిలింది.

జనవరిలో సాయం గది మళ్ళీ తెరిచారు. కుర్చీలు చాలానే ఖాళీగా ఉన్నాయి. నేల మీద కూర్చోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. మిగిలినవాళ్ళు ఒకరికొకరు దూరదూరంగా కూర్చుని ఎవరి కాగితం వాళ్ళు చూసుకుంటున్నారు. బ్రామ్ కూడా వచ్చాడు. రోజూ వస్తున్నాడు, మాట్లాడటం లేదు. జనెల్‌కి ఫోన్ చేశాడట, ఎత్తలేదట. ఆ ఒక్క సంగతి చెప్పి మళ్ళీ తల వంచుకున్నాడు.

ఆ రోజు ఇంకో సెక్షను నుంచి మారి వచ్చిన పిల్ల ఒకతె బోర్డు దగ్గర లెక్క చేస్తూ ఆగిపోయింది. వంతెన దూలం గీసింది, రెండు పక్కలా స్తంభాలు గీసింది, బాణాలు లేవు. ఎందుకు రావట్లేదో తెలియక సమీకరణం చెరిపి మళ్ళీ రాస్తోంది.

లోర్నా ఆమె చేతిలోంచి సుద్దముక్క అందుకుని గది వైపు తిరిగింది. "ఇక్కడ తప్పేంటో ఎవరికి తెలుసు?"

తెలిసినవాళ్ళు ఉన్నారు. మొహాలు చూస్తేనే తెలుస్తోంది. ఎవరి కాగితం మీద వాళ్ళ మోచెయ్యి అలాగే ఉంది. లోర్నా సుద్దని బల్ల మీద పెట్టేయలేదు, లెక్క తను చెయ్యలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది. చెయ్యి లాగేస్తోంది. అయినా దించలేదు.

చివరికి బ్రామ్ గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్తే నాకు తగ్గుద్ది కదా మిస్?"

బోర్డు దగ్గరి పిల్ల ఏమీ అర్థంకాక ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది.

"తగ్గుతుంది," అంది లోర్నా.

బ్రామ్ బోర్డు మీది దూలాన్ని చూశాడు. ఆనాడు స్కేలు మోసిన తన అరచేతిని చూసుకున్నాడు. పక్కనున్న ఖాళీ కుర్చీని చూశాడు. వాడి కుర్చీ నేల మీద కిర్రుమంది. రెండు చేతులూ బల్ల మీద ఆనించి సగం లేచాడు, అక్కడే ఆగిపోయాడు. కూర్చోనూ లేదు, రానూ లేదు. లోర్నా చెయ్యి ఇంకా చాపే ఉంది.