కవరు తియ్యని సీటు

నేను ఒక రేసు కారుని. గెలవడం కోసం కాదు, గుద్దుకోవడం కోసం పుట్టినదాన్ని. విజయవాడ ఆటోనగర్‌లో, సీటు కవర్ల వ్యాపారి కోగంటి రంగప్రసాదు షెడ్డులో, యశోధర అనే ఇంజినీరు నన్ను తయారుచేసింది. గోడను గుద్దినా లోపలి మనిషికి దెబ్బ తగలకూడదన్నది ఆమె పట్టు. నా చుట్టూ ఉక్కు గొట్టాలు. గుద్దగానే సీటు వెనక్కి జరుగుతుంది, బెల్టులు మనిషిని దానికి అదిమి పడతాయి. ఇసుక నింపిన బొమ్మను కూర్చోబెట్టి నన్ను ఎన్నిసార్లు టైర్ల గోడకు కొట్టిందో! బొమ్మ చెక్కుచెదరలేదు. నాకు గర్వం తలకెక్కింది.

కానీ బొమ్మను చూసి నన్ను ఎవరు కొంటారు? "మనిషి దిగి చెయ్యి ఊపాలమ్మా, అప్పుడు నమ్ముతారు," అన్నాడు రంగప్రసాదు. ఆ మనిషి మీరావలి, ఒకప్పటి రేసు డ్రైవరు. ఒక రేసులో పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాక, భార్య హసీనా అతన్ని మళ్ళీ రేసు స్టీరింగు ముట్టనివ్వలేదు. ఆమె షెడ్డుకు వచ్చి నా సీట్లో తానే కూర్చుంది, బెల్టులు లాగి లాగి చూసింది. "ఇందులో అయితే వెళ్ళు," అంది. నన్ను నమ్మి అన్న మాట అది.

ప్రదర్శన రోజుకు నలిగిన పాత సీటు తీసి కొత్తది బిగించారు. దాని మీద ప్లాస్టిక్ కవరు. యశోధర చింపబోయింది.

"ఆగమ్మా, కొనేవాళ్ళకి కొత్తగా కనపడాలి. అయ్యాక తీద్దువుగాని," అన్నాడు రంగప్రసాదు.

"జారుద్ది సార్," అన్నాడు మీరావలి, కూర్చుని అటూ ఇటూ కదిలి.

"ఒక్కసారికే కదయ్యా, ఏమవుద్ది?"

మనవాళ్ళకు కొత్త వస్తువు మీద అంత ప్రేమ ఎక్కడిదో! సోఫా కొని కవరు మీదే కూర్చుంటారు, రిమోటును కవరు మీంచే నొక్కుతారు. వస్తువుకు గీత పడకూడదు, మనిషి సంగతి తరవాత. అంత చదివిన యశోధర కూడా ఒక్కసారికే కదా అని ఊరుకుంది.

గుద్దాను. గొట్టాలు వంగలేదు, సీటు వెనక్కి జరిగింది. మీరావలి మాత్రం ఆ నున్నటి కవరు మీద ముందుకు జారిపోయాడు. నడుముకు ఉండాల్సిన బెల్టు పొట్ట మీదికి వచ్చింది, భుజాల బెల్టు గొంతుకు పడింది. మెడ దగ్గర చిన్న చప్పుడు. అతను దిగలేదు, చెయ్యి ఊపలేదు. ఇక ఎప్పటికీ ఊపలేడు.

కారు చెక్కుచెదరలేదని పేపర్లో వేశారు.

ఇప్పుడు నేను రంగప్రసాదు షోరూములో, అద్దాల గదిలో ఉన్నాను. మీరావలిని గుమ్మం దగ్గర, వచ్చేవాళ్ళందరికీ కనపడేలా, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు, దయగల మారాజు. కుర్చీ ఇచ్చిన రోజు ఫొటోలు కూడా తీయించాడు. దాని కవరూ తియ్యనివ్వలేదు. మీరావలి పొద్దస్తమానం జారిపోతుంటాడు, హసీనా చంకల కింద చేతులేసి పైకి లాగుతుంటుంది. మొన్న ఆమెకు ఒళ్ళు మండిపోయింది. భర్తను భుజానికి ఆనించుకుని, ఆ కవరును గోళ్ళతో, పళ్ళతో చింపి పారేసింది.

"అయ్యో, కొత్త కుర్చీ కదమ్మా!" అన్నాడు రంగప్రసాదు.

ఆమె నా వైపు తిరిగింది. గదికి తాళం ఉంది. అద్దాన్ని రెండు అరచేతులతో బాదింది, నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టాలి కూడా. ఆమె వెళ్ళాక రంగప్రసాదు ఆ చేతి మరకలు తుడిపించాడు. నా సీటు మీద కవరు అలాగే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు, ఇంకా కొత్తదానిలాగే ఉందే అని మెచ్చుకుంటున్నారు.