మందకు ఎడంగా

"ఇంకా కాలేదా? నీ చీటీల కొలువుకున్నన్ని పనులు కలెక్టర్‌కు గూడ లేవు" అన్నాడు దామోదర్ పళ్ళెం ముందు కూర్చొని. అతని భార్య పుష్ప జొన్నరొట్టె చరుస్తూనే ఉంది. రామన్నపేట దగ్గరి ఆ ఊళ్లో ఆమె తొమ్మిదేళ్లుగా, రోగులకు దవాఖాన చీటీలు రాసిచ్చే ఆశ కార్యకర్త. ఊరంతా తిరిగి వచ్చేసరికి ఇంటి పని ఎక్కడిదక్కడే ఎదురుచూస్తుంటుంది. ఈ తొమ్మిదేళ్లలో దామోదర్ తాను తిన్న పళ్ళెం కడిగిన రోజు లేదు.

ఆమె మనసు మాత్రం గొర్ల కాపరి బీరప్ప ఇంటి దగ్గరే ఉంది. అతని భార్య లక్ష్మీనర్సమ్మ రెండు నెలలుగా గోడవైపు తిరిగి పడుకుంటోంది. నీరసమని ఊరి డాక్టరు నాలుగుసార్లు గ్లూకోజు ఎక్కించాడు. నిన్న పుష్ప ఆమె పక్కన కూర్చొని నిద్ర గురించి, తిండి గురించి అడిగి, చివరికి గొంతు తగ్గించి అడిగింది: "సావాలని గిట్ల అనిపిస్తున్నదా అక్కా?" లక్ష్మీనర్సమ్మ అవునని తలూపింది. నల్గొండ పెద్ద దవాఖానలో మనసు డాక్టరుకు చూపించమని పుష్ప అక్కడికక్కడే చీటీ రాసింది. బీరప్ప దాన్ని ముట్టలేదు.

"పిచ్చి దవాఖానకా? మంది ఏమనుకుంటరు? దానికి బద్ధకం, గంతే."

ఆ మాట పుష్పకు కొత్త కాదు. చిన్నకొడుకు పుట్టాక మూడు నెలలు ఆమె కూడా అలాగే పడి ఉంది. పాలు కారి జాకెట్టు తడుస్తున్నా, పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నా లేవబుద్ధి కాలేదు. "పని దొంగ" అంది అత్త నర్సింగమ్మ. "నాటకాలు" అన్నాడు దామోదర్. ఆమెకు చీటీ రాసినవాళ్లు లేరు. ఆ కోపం ఇన్నేళ్లకు పనికొచ్చింది. రొట్టెలు గిన్నెలో పెట్టేసి, మళ్లీ బీరప్ప దొడ్డికి వెళ్లింది.

"బీరన్నా, ఒక గొర్రె మందకు ఎడంగ నిలబడి మేత ముట్టకపోతే ఏం జేస్తవు?"

"పశువుల డాక్టరుకు చూపిస్త."

"బద్ధకం అని ఊకుంటవా?"

"గొర్రెకు బద్ధకమేందమ్మా! పానం బాగలేకుంటేనే గట్ల..." బీరప్ప అక్కడే ఆగిపోయాడు. మందవైపు నుంచి ఇంటివైపు తిరిగాడు. "బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

పుష్ప కూడా తోడు వెళ్లింది. డాక్టరమ్మ చీటీ చదివి "ఎవరు గుర్తుపట్టారు?" అని అడిగింది. "నేనే మేడం" అంది పుష్ప. "సరైన సమయానికి పంపావు" అందామె. తిరుగు బస్సులో పుష్ప కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వలేదు.

మూడు నెలలకు లక్ష్మీనర్సమ్మ తనంతట తానే నడిచొచ్చి పుష్ప వాళ్ల గడపలో కూర్చుంది. "మనసుకు రోగమట పెద్దమ్మా. మందులిస్తున్నరు, కూసోబెట్టి మాట్లాడిస్తున్నరు. పుష్ప పుణ్యం" అని నర్సింగమ్మకు దాపరికం లేకుండా చెప్పింది. ఆమె వెళ్లాక నర్సింగమ్మ ముక్కున వేలేసుకుంది.

"మనసుకు రోగమేందే? మనింట్ల ఏనాడన్న ఎవలకన్న వచ్చిందా?"

"వచ్చింది అత్తా" అంది పుష్ప. "చిన్నోడు పుట్టినప్పుడు నాకొచ్చింది. నువ్వు దానికి పని దొంగ అని పేరు వెట్టినవు."

దామోదర్ తినడం ఆపి తలెత్తాడు. పుష్ప చీటీల పుస్తకం సంచిలో పెట్టుకొని చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"నాకు కొలువుకు టైమైంది. నీ పళ్ళెం నువ్వే కడిగి బోర్లించు."