రేపటి జాడ

పొద్దున లేవగానే ఉల్యానా పొయ్యిలో నిప్పుకి నైవేద్యంగా కాస్త కొవ్వు పెడుతుంది. టీ కోసం మంచు కరగబెడుతుంది. ఆ తర్వాత తలుపు తోసి రేపటి జాడలు చూస్తుంది. మా కొండల్లో చలికాలమంతా ఏ గుడిసెలోనైనా ఇదే వరస. ఏ మనిషి రేపు ఎటు పోతాడో, ఏ జంతువు ఎక్కడ దాటుతుందో, ఇవాళే మంచు మీద అచ్చుపడి ఉంటుంది. తోలుకి మంచి ధర పలికే నల్లబొచ్చు సేబుల్ అనే చిన్న జంతువు కోసం బోనులు పెట్టేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? రేపు అది నడిచే చోట ఇవాళ బోను పెట్టుకుంటారు.

మనుషుల జాడతో ఇంకా సుఖం. నడుం లోతు మెత్తటి మంచులో కొత్తగా బాట తొక్కడమంటే ఊపిరితిత్తులు నోట్లోకొస్తాయి. ముందే బాట పడి ఉంటే ఎవడు వద్దంటాడు? జారడానికి పొడవాటి మంచుచెక్కలు కాళ్ళకి కట్టుకుని తన జాడలోనే తాను జారుకుంటూ పోతాడు. అందుకే ఆ జాడ ఏనాడూ తప్పలేదు. తప్పలేదు కాబట్టి తప్పించుకుందామని ఎవరికీ తోచనూ లేదు. మా వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఆ పొద్దున తమ్ముడు సావెలీ చెక్కల జాడ గుమ్మంలోంచి బయల్దేరి కొండ అంచు దాకా పోయింది. అతను రోజూ అక్కడినుంచి నిటారు వాలులో జారి, అడుగున గడ్డకట్టిన వాగు దాటి, లోయ చుట్టి ఇంటికొస్తాడు. ఆ వాలు దిగడానికే గానీ ఎక్కడానికి కాదు. లోయ వైపు నుంచి రావలసిన జాడ ఉల్యానాకి కనిపించలేదు. అంచు దాకా వెళ్ళి కిందికి చూసింది. జాడ వాగు నడిమధ్యకి పోయి ఆగిపోయింది.

గట్టిగా కనిపించే మంచుగడ్డ మీదకి ఒక్కోసారి అడుగునుంచి నీళ్ళు ఉబికొచ్చి మంచు కింద దాక్కుంటాయి. ఈ చలిలో కాళ్ళు తడిసినవాడు మెత్తటి మంచు తొక్కుకుంటూ ఇల్లు చేరలేడు. ఉల్యానా మొగుడూ అలాగే చేరలేదు.

లోపలికొచ్చి, కత్తి నూరుకుంటున్న తమ్ముడితో, "రేపు ఇంట్లో ఉండరా," అంది.

"బోనులో పడ్డదాన్ని ఎవరు తీస్తారు? పట్టుకున్న ప్రాణాన్ని రోజుల తరబడి నొప్పితో ఉంచకూడదని నా వీపు మీద కర్ర విరగ్గొట్టి మరీ నేర్పావు కదక్కా."

"అప్పుడెక్కని బుద్ధి ఇప్పుడెక్కిందా? అయితే నేను వెళ్తా."

"జాడ నాదే కదా పడింది," అన్నాడు సావెలీ, చొక్కా తనదేనన్నంత మామూలుగా. కత్తి తిప్పి అవతలి వైపు నూరసాగాడు.

పక్క గుడిసె గవ్రీల్ ముసలాయన టీకి వచ్చాడు. తనూ జాడ చూసే వచ్చాడు. "కుర్రాడు మంచివాడు పాపం," అంటూ గిన్నె చాచాడు.

"ఇంకా బతికే ఉన్నాడు మావయ్యా. నీ పక్కనే కూచున్నాడు."

"నేనేం కాదన్నానా అమ్మాయ్. చక్కెరుందా?"

ఆమె గిన్నె ఆయన ముందు ఠప్పున పెట్టి, తన చెక్కలు కాళ్ళకి కట్టుకుని, సావెలీ చెక్కలు తీసి భుజాన వేసుకుంది.

"నావెందుకక్కా?"

"నోరు మూసుకుని కత్తి నూరుకో."

అతని జాడ తొక్కలేదు. అటుపక్క ఎత్తైన కొండ గట్టు మీదుగా, ఎవరి అడుగూ పడని మంచులో, తిట్టుకుంటూ, ఆగి ఊపిరి పీల్చుకుంటూ పోయింది. గట్టు అటువైపు వాలులో జారి వాగు దగ్గర తేలింది. జాడ ఆగినచోట పొడవాటి కర్రతో పొడిచి చూసింది. తేమ తగల్లేదు. రేపటి నీళ్ళు ఇవాళెక్కడుంటాయి?

అవతలి ఒడ్డుకి చేరి తన చెక్కలు విప్పి భుజాన వేసుకుంది. సావెలీవి కట్టుకుంది. జాడ ఆగినచోటికి ఎదురుగా నిలబడి, అక్కడినుంచి లోయ చుట్టూ ఇంటి దాకా బాట తొక్కింది. ఒక్కో అడుగు రెండుసార్లు అదిమింది. నడుమ వాగు మీద కొద్దిపాటి మంచు మిగిలింది. అది వాడు దాటాల్సిందే.

చీకటి పడే వేళకి ఇల్లు చేరేసరికి గవ్రీల్ గుమ్మంలో నిలబడి జాడల లెక్క చూస్తున్నాడు.

"వాడి చెక్కలు వెళ్ళాయి, తిరిగొచ్చాయి. బాగానే ఉంది. నీవి ఆ గట్టు మీదికి పోయాయి. తిరిగి రాలేదు."

"భుజం మీద వచ్చాయి కదా."

"మంచుకి భుజాలు తెలియవమ్మాయ్."

"తెలుసు," అంది ఉల్యానా. "పక్కకి జరుగు, కాళ్ళు గడ్డకట్టాయి."

మర్నాడు సావెలీ తన జాడలో తాను వెళ్ళాడు. ఎవరూ ఆపలేదు. ఊళ్ళోవాళ్ళు తలుపుల సందుల్లోంచి చూశారు. వాగు నడుమ మంచు కుంగింది. మోకాళ్ళ దాకా నీళ్ళు. పాకుతూ అవతలి ఒడ్డు చేరాడు. అప్పటికే తోలుజోళ్ళు రాయయ్యాయి. కానీ అక్క తొక్కిన బాట రాత్రి చలికి బిగిసి పలకలా ఉంది. దాని మీద చెక్కలతోనే పరిగెత్తాడు. గుమ్మంలో పడేసరికి మాట రావడం లేదు. ఉల్యానా జోళ్ళు కోసి, కాళ్ళు తన పొట్టకి ఆనించుకుని కూచుంది. రెండు కాలివేళ్ళు పోయాయి. మనిషి మిగిలాడు.

ఆ వారం కురిసిన మంచుకి అతని బాటలు రెండూ పూడిపోయాయి. గట్టు మీది ఉల్యానా జాడ పూడలేదు. ఎండలొచ్చి కొండలు నల్లబడ్డాయి, గడ్డి మొలిచింది, దోమలు లేచాయి. గట్టు మీద మాత్రం రెండు తెల్లటి గీతలు అలాగే పైకి పోతూ ఉన్నాయి. పళ్ళు ఏరుకునే ఆడవాళ్ళు గౌన్లు ఎత్తిపట్టుకుని వాటిని దాటేవారు.

"నీ చెక్కలు పొయ్యిలో పెట్టేద్దామక్కా," అన్నాడు సావెలీ ఒకరోజు.

"వెనక్కి జారకుండా వాటి అడుగున దుప్పితోలు కొత్తది వేశాను. నీకు కట్టెలు కొట్టడానికి బద్ధకమైతే చెప్పు."

"నిన్ను పిలుస్తోంది ఆ జాడ."

"పిలవనీ. పిలిస్తే పోవడానికి నేనేమైనా కుక్కనా?"

మళ్ళీ మంచు పడింది. బోనులు పెట్టే కాలం వచ్చింది. ఉల్యానా చెక్కలు కట్టుకుని గుమ్మం దిగింది. గట్టు వైపు బాట నున్నగా, గట్టిగా, ఆమె కాళ్ళకి కొలిచినట్టు సిద్ధంగా ఉంది. ఆమె దానికి వీపు చూపించి, ఎదురుగా నడుం లోతు మంచులోకి దిగి, తిట్టుకుంటూ మొదటి అడుగు అదిమింది.

సాయంత్రం దాకా నడిచింది. వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా చెట్ల సందుల్లోంచి ఆ రెండు గీతలు కనిపిస్తూనే ఉన్నాయి.